తలుపు మీద 417

"కొన్నాను."

"ఎవరి దగ్గర?"

"వర్క్‌షాపులో."

"అదే, వర్క్‌షాపులో ఎవరి దగ్గర, బాబాయ్?"

"వర్క్‌షాపులోనేనమ్మా. కొన్నాను."

పోలీసు స్టేషను వెనకగదిలో గోడ గడియారం పదీ ఇరవై ఐదు చూపిస్తోంది. ఈ నాలుగు ముక్కలూ అప్పటికి ఆరోసారి. క్లెయిములమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. రైల్వే క్లెయిముల ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసి, దారిలో మాయమైన సరుకుల్ని వెతికీ వెతికీ, ఉద్యోగం వదిలాక ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు కట్టుకున్న మనిషి ఆవిడ. బోర్డు మీద అసలు పేరే ఉంది. ఒక్కరైనా ఆ పేరుతో పిలిస్తే ఒట్టు.

ఎదురుగా బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాయన షంటింగ్ తాత. డెబ్బై ఎనిమిదేళ్ళుంటాయి. గూడ్సు యార్డులో వ్యాగన్లు విడదీయించి, ఇంజనుతో ఈ లైను నుంచి ఆ లైనుకి తోయించే పనిలోనే ఆయన జుట్టు నెరిసింది. ఎనిమిది రోజుల కిందట గాలివానకి ఒక చెట్టు విరిగి ఆయన పెరట్లోని సామాన్ల కొట్టు మీద పడింది. కొట్టంటే కొట్టు కాదు, చక్రాలు ఊడదీసిన పాత చెక్క వ్యాగన్. పడిపోయిన తలుపు మీద రంగు పెచ్చులూడి, అడుగున ఎప్పటివో తెల్లటి అంకెలు బయటపడ్డాయి. 417.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, పట్టపగలు, రాగి దిమ్మల లోడుతో యార్డులోంచి మాయమైన వ్యాగన్ నంబరు అది. దానితోపాటే ఆ బండి గార్డూ కనపడకుండా పోయాడు. ఇన్నేళ్ళలో రాగీ దొరకలేదు, వ్యాగనూ దొరకలేదు, మనిషీ దొరకలేదు. ఆ గార్డు షంటింగ్ తాతకి పరాయివాడు కాదు, సొంత బావ. చెల్లెలి మొగుడు.

ఆ చెల్లెలే మొన్న పొద్దున్న క్లెయిములమ్మ వీధి తలుపు తట్టింది. డెబ్బై ఏళ్ళ మనిషి, కుర్చీలో కూడా కూర్చోలేదు. "అమ్మాయ్, మా అన్నయ్య మా ఆయన్ని చంపాడో లేదో తేల్చి చెప్పు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అన్నయ్య ఇంట్లోనే ఉంటున్నాను, ఆయన పెట్టిందే తింటున్నాను. చంపలేదంటే ఇంటికి తీసుకుపోతాను. చంపాడంటే మళ్ళీ మొహం చూడను" అంది. అంతే, వచ్చినంత వేగంగా వెళ్ళిపోయింది.

ఇది చాలదన్నట్టు క్లెయిములమ్మకి ఇంకో మంట కూడా ఉంది. ఆ రాగి తాలూకు ఫైలు అప్పట్లో ఆవిడ బల్ల మీదకే వచ్చింది. కొత్త గుమాస్తా రోజులవి. ఆర్నెల్లు తిరిగి, చివరికి 'ఆచూకీ లేదు' అని రాసి మూసిన ఫైలు. తన చేత్తో అలా రాసి మూసినది అదొక్కటే.

"సరే, కొన్నావు" అంది ఆవిడ పళ్ళ బిగువున. "రసీదేది?"

"పోయింది."

"కొట్టుకి ఎన్నిసార్లు రంగేశావు?"

"ఆరుసార్లు. మొదట ఆకుపచ్చ. తరవాత రెండుసార్లు నీలం. వర్షాకాలం ముందు ఒకసారి ఎర్రమన్ను రంగు, అది అస్సలు నిలవలేదు. తరవాత మళ్ళీ..."

"భేష్! ఇరవై ఎనిమిదేళ్ళ రంగులు వరసపెట్టి గుర్తున్నాయి. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికీ రెండూ నలభైకీ మధ్య ఏ వ్యాగన్ తోయించావో మాత్రం గుర్తులేదు?"

తాత చేతులు బల్ల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చూపు బల్ల మీంచి నేల మీదికి జారింది.

"బాబాయ్, నేను నీ తరపు మనిషిని. మీ చెల్లెలు పంపితే వచ్చాను. సాయంత్రం నాలుగింటికి నిన్ను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కడ కూడా 'కొన్నాను' అంటావా?"

"అదొద్దమ్మా, ఇంక అడక్కు. జైలే కదా, పోతాను. ఈ వయసులో నాకెక్కడైతేనేం?"

నిర్దోషి ఇలా మాట్లాడితే డిటెక్టివులందరూ దుకాణాలు మూసుకోవలసిందే. క్లెయిములమ్మ సంచీ విసురుగా భుజాన వేసుకుని లేచేసరికి తలుపు దగ్గర ఇన్‌స్పెక్టరు నవ్వుతూ నిలబడి ఉన్నాడు. ఉద్యోగంలో చేరి పట్టుమని పదేళ్ళు కాలేదు, ఆవిణ్ణి చూస్తే మాత్రం రిటైర్మెంటు ఎప్పుడు తీసుకుంటారని అడగబోతున్నట్టే చూస్తాడు.

"ఏమైనా రాలిందా మేడమ్?"

"రాల్చడానికి ఆయనేం చెట్టు కాదు. మీ దగ్గర ఏముంది అసలు? ఒక తలుపు. దాని మీద మూడంకెలు."

"తలుపుంది, వ్యాగనుంది, ఆ రోజు డ్యూటీలో ఉన్న షంటింగ్ మనిషి ఉన్నాడు, ఆయన పెరడుంది. ఇంకేం కావాలి? పైగా ఆ వ్యాగన్ 417 అని రాసిచ్చింది నేను కాదు. వర్క్‌షాపు ఫోర్మన్ గారు. ముప్పై రెండేళ్ళు వ్యాగన్లు బాగుచేసిన మనిషి. పొద్దున్న తొమ్మిదికల్లా సంతకం పెట్టి ఇచ్చారు."

"అడుగున పాకి చూశాడా?"

"ఎందుకు పాకాలి? తలుపు మీద ఇంత లావున ఉంది కదా నంబరు!"

క్లెయిములమ్మ నుదురు కొట్టుకుంది. "పదండి. నాకు ఆ కొట్టు చూపించండి. బాబాయినీ తీసుకురండి. ఒక్క గంట."

"కేసు అయిపోయింది మేడమ్."

"అయిపోయిన కేసుకి గంట ఆలస్యమైతే కొంపేం మునగదు."

ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు. చుట్టూ ఉన్న కానిస్టేబుళ్ళు వింటున్నారు కాబట్టి కాదనలేకపోయాడు.

*

పదకొండూ యాభైకి జీపు పెరటి గేటు ముందు ఆగింది. తాతని జీపులోనే కూర్చోబెట్టారు. చెల్లెలు ఇంట్లోంచి వచ్చి జీపు తలుపు మీద చెయ్యేసి నిలబడింది. అన్నయ్యని పలకరించలేదు, అలాగని కదల్లేదు.

కొట్టు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. కప్పు రేకులు, విరిగిన కొమ్మలు, గోడ పలకలు అన్నీ కలగాపులగం. పలకల మందం వేలెడు. మూలలకి ఇనప పట్టీలు. గచ్చులా వేసిన నేల పలకలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. వాటి కింద పొడవాటి రెండు దూలాలు, వాటిమీదే ఒకప్పుడు బండి బరువంతా నిలిచింది. దూలాల కింద ఇటుకలు పేర్చి ఉన్నాయి. ఆ తలుపుని కానిస్టేబుళ్ళు తీసి గోడకి చేరవేశారు.

దాని పక్కనే ఫోర్మన్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ మడత చెడని చొక్కా, జేబులో కళ్ళజోడు, డెబ్బై దాటినా నిటారుగా ఉన్న నడుము. తలుపు మీద పెచ్చుల్ని గోటితో గీకి చూపించాడు. "ఇదుగో అమ్మా, తెల్లరంగు. మా వర్క్‌షాపు అచ్చులే. సందేహం అక్కర్లేదు."

"ఫోర్మన్ గారూ, ఒక బండి తలుపు ఇంకో బండికి పెట్టడం ఉండేదా మీ దగ్గర?"

"అబ్బే! ఏ బండి తలుపు ఆ బండికే. నా ముప్పై రెండేళ్ళలో ఒక్కసారి కూడా మార్చనివ్వలేదు."

క్లెయిములమ్మకి ఒళ్ళు మండింది. వర్క్‌షాపులో బండి ఎక్కువరోజులు నిలబడితే పైవాళ్ళు తిడతారు. అందుకని ఒకదాని తలుపు పాడైతే పక్కన మరమ్మతుకి నిలబడ్డదాని తలుపు పీకి దీనికి బిగించి పంపించేసేవాళ్ళు. పైన కొత్త నంబరు రాయడానికి బద్ధకం. ఒక్కోసారి ఒక నంబరుతో రెండు బండ్లు తిరిగేవి. ఆ పుణ్యానికి ఆవిడ ఎన్ని ఊళ్ళకి ఎన్ని ఉత్తరాలు రాసి చేతులు నొప్పెట్టించుకుందో లెక్కలేదు. ఇప్పుడీయన ఒక్కసారి కూడా జరగలేదంటున్నాడు! రిటైరైన ప్రతివాడూ తన హయాం స్వర్ణయుగమంటాడు, ఇదీ అలాంటి గొప్పలే అనుకుని ఊరుకుంది. ఊరుకోకుండా ఉండాల్సింది.

"బండి కట్టిన రోజున దూలం లోపలివైపు ఉలితో నంబరు చెక్కుతారు. రంగు మారినా, తలుపు మారినా అది మారదు. మీకు తెలియంది కాదు" అంది.

ఫోర్మన్ జేబులోంచి కళ్ళజోడు తీసి మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. "అది... ఇన్నేళ్ళకి చెదలు తినేసి ఉంటుందమ్మా. శ్రమ దండగ."

"నా శ్రమే కదా. ఇన్‌స్పెక్టరు గారూ, మీ జీపు జాకీ ఇప్పించండి."

"జాకీయా?"

"దూలం లేపాలి. నా మోకాళ్ళతో లేపమంటారా?"

"మేడమ్, ఇది ప్రభుత్వ జీపు..."

"లేపేది ప్రభుత్వ సాక్ష్యమే. ఇప్పించండి!"

జాకీ దొరకడానికి ఎనిమిది నిమిషాలు. దాని పిడి దొరకడానికి ఇంకో అయిదు. పిడి సీటు కింద ఉందని తెలియక ఇద్దరు కానిస్టేబుళ్ళు ఒకరినొకరు తిట్టుకున్నారు. దూలం జానెడు లేచేసరికి పన్నెండున్నర. క్లెయిములమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని, టార్చి పళ్ళతో పట్టుకుని, మోకాళ్ళని తిట్టుకుంటూ వెల్లకిలా లోపలికి జరిగింది.

"పాములుంటాయి మేడమ్" అన్నాడు ఇన్‌స్పెక్టరు పైనుంచి.

"మీరు పైనే ఉండండి, అక్కడికి రావులెండి."

దూలమంతా తారు, మట్టి. మొదటి చివర ఏమీ లేదు. మధ్యలో లేదు. రెండో దూలానికి జరిగింది. చక్రాల పట్టీ బిగించిన చోటికి జానెడు ఇవతల వేలికి గీతలు తగిలాయి. జడలోంచి పిన్ను తీసి మట్టి గీకింది. తారు నిండిపోయి అంకె కంటికి ఆనడం లేదు.

"ఒక కాగితం, పెన్సిలు ఇవ్వండి!"

"కాగితమెక్కడిది ఇక్కడ?"

"మీ చేతిలో ఉన్నదేంటి?"

"ఇది రిమాండ్ రిపోర్టు!"

"వెనక ఖాళీయే కదా. తెండి!"

బయటికి చాచిన ఆవిడ చెయ్యి అలాగే నిలబడిపోయింది. ఇన్‌స్పెక్టరు ఏదో గొణిగి, చివరి పేజీ చించి ఆ చేతిలో పెట్టాడు. కాగితాన్ని చెక్కకి అదిమి పెన్సిల్ని అడ్డంగా రుద్దింది. నల్లటి మసక మధ్యలో తెల్లటి గీత వంకర తిరిగింది. ఒక అంకె. దాని పక్కన ఇంకొకటి. ఇంకొకటి.

బయటికి పాకి వచ్చి, తలలో మట్టి కూడా దులుపుకోకుండా కాగితం ఆయన మొహం ముందు పెట్టింది. "చదవండి."

"మూడు... ఎనిమిది... రెండు."

"మీ 417లో మూడు ఎక్కడుందో కాస్త చూపించండి."

ఇన్‌స్పెక్టరు మొహం మాడిపోయింది. "అంటే ఇది... వేరే బండా?"

"వేరే బండి. 382. దీనికి 417 తలుపు పెట్టారు."

"అయితే మరీ మంచిది! తలుపైనా 417దే కదా. తాత దగ్గరే దొరికింది కదా!"

క్లెయిములమ్మకి అరవాలనిపించింది. అరిచింది కూడా. "నాయనా, కాస్త ఆలోచించు! ఆ రోజు ఒంటిగంటా నలభైకి నంబర్లు రాసే గుమాస్తా బండి పక్కన నడుస్తూ తలుపులు చూసి రాసుకున్నాడు. ఆ కాగితం నా ఫైల్లో నేనే కుట్టాను. 417 అని ఉంది. అంటే ఆ టైముకి ఈ తలుపు 417కే ఉంది. రెండూ నలభైకి గూడ్సు బయల్దేరేసరికి 417 లేదు. ఇప్పుడు ఆ తలుపు 382కి ఉంది. ఇంత బరువు తలుపు ఊడదీయాలంటే గొలుసులు కావాలి, నలుగురు మనుషులు కావాలి. అవి ఎక్కడుంటాయి?"

"వర్క్‌షాపులో" అన్నాడు ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా.

"ఆఁ! ఆ వ్యాగన్ ఊరు దాటలేదు. మాయమయ్యాక వర్క్‌షాపు లోపలికే వచ్చింది. 382 పక్కన నిలబడింది. దాని తలుపు దీనికి, దీని తలుపు దానికి పడింది. లోపల తలుపు మారాలంటే ఎవరి మాట మీద..."

ఆవిడ గోడకి చేరవేసిన తలుపు వైపు తిరిగింది. పక్కన ఎవరూ లేరు.

"ఫోర్మన్ ఏడి?"

"మాత్ర వేసుకునే టైమయిందన్నారండీ" అన్నాడు ఒక కానిస్టేబులు. "మీరు జాకీ అడగ్గానే స్కూటరెక్కి వెళ్ళిపోయారు."

జాకీ అడిగింది పన్నెండూ పదికి. ఇప్పుడు పన్నెండూ యాభై. నలభై నిమిషాలు! ఆ వర్క్‌షాపులో వారం రోజులు సుత్తి పట్టినవాడికైనా తలుపులు మారతాయని తెలుసు. ముప్పై రెండేళ్ళు ఉన్నాయన ఒక్కసారి కూడా మారలేదని మొహం మీద చెబితే, గొప్పలనుకుని తనే వదిలేసింది. క్లెయిములమ్మ తన బుర్రని తనే నానా తిట్లూ తిట్టుకుంటూ జీపు దగ్గరికి నడిచింది.

*

"బాబాయ్. ఆ రోజు నిన్ను ఆ వ్యాగన్ తోయించమంది ఫోర్మనేనా?"

తాత తలెత్తాడు. ఆవిడ చేతిలో కాగితం చూశాడు. 382 అని చదువుకుని కళ్ళు మూసుకున్నాడు.

"రెండూ పదికి ఫోన్ చేశాడు" అన్నాడు. "417 ఇరుసు వేడెక్కింది, గూడ్సులో పోతే అంటుకుంటుంది, ముందు వర్క్‌షాపు లైనులోకి తోయించెయ్యి, మెమో వెనకాలే పంపిస్తానన్నాడు. మెమో లేకుండా చక్రం కదిలించకూడదమ్మా. నా సర్వీసులో ఎప్పుడూ కదిలించలేదు. ఆ ఒక్కరోజే..."

"మెమో వచ్చిందా?"

"రాలేదు. గొడవయ్యాక వెళ్ళి అడిగాను. ఏ వ్యాగన్, నువ్వు నాకేం తోయించలేదు, తోయించానంటావా, మెమో చూపించు అన్నాడు. ఉద్యోగం, క్వార్టరు, ఇంట్లో చెల్లెలు... నోరు మూసుకున్నాను. నెల తిరక్కుండా ఈ డొల్ల తెచ్చి పెరట్లో దింపించాడు. ఉంచుకో, ఎవరడిగినా కొన్నానని చెప్పు అన్నాడు."

"నీ గొంతుకి ఉరి నీ పెరట్లోనే కట్టి పెట్టుకున్నాడు" అంది క్లెయిములమ్మ. "మరి ఆ రెండో బండి? 417 అసలు డొల్ల? అదేమైంది?"

"ఆ చెక్క బండ్లన్నీ అదే ఏడు తీసేశారు కదా. 382 అని కాగితం రాయించుకుని ఒకటి తనే పట్టుకుపోయాడు. వాళ్ళ పెరట్లో కట్టెల కొట్టు అదే. దాని నేలకి సిమెంటు కూడా పోయించాడు. బంగారంలాంటి చెక్క నేల ఉండగా సిమెంటెందుకురా అని మేమంతా నవ్వుకున్నాం."

ఎవరూ నవ్వలేదు. ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫోను తీసి ఆ వీధి బీటు కానిస్టేబుల్ని పిలుస్తున్నాడు. రెండు ముక్కలు మాట్లాడి, మూడో ముక్కకి మొహం పాలిపోయింది.

"పొద్దున్నించీ ఆ పెరట్లో నలుగురు కూలీలు గచ్చు పగలగొడుతున్నారట. గేటు ముందు లారీ ఉందట."

"మరింకా నిలబడతారేం? జాకీ తీయించండి, జీపెక్కండి!"

"తాతని దింపాలి మేడమ్, ఈయన్నిలా..."

"ఆయన్ని ఇంటికి తీసుకుపోనివ్వండి. చంపింది ఈయన కాదు." క్లెయిములమ్మ చెల్లెలి వైపు తిరిగింది. మూడు రోజుల్లో మొదటిసారి ఆవిడ గొంతు మెత్తబడింది. "అత్తయ్యా, మీరడిగిందానికి జవాబు దొరికింది. మీ అన్నయ్య చంపలేదు. తీసుకెళ్ళండి."

చెల్లెలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్నయ్య మోచెయ్యి పట్టుకుని దింపబోయింది. ఆయన దిగలేదు.

"ఇంకొకటుందమ్మా" అన్నాడు. క్లెయిములమ్మతో కాదు, చెల్లెలితో. "ఇది నీకు చెప్పాల్సొస్తుందనే జైలుకి పోతానన్నాను. ఆ రోజు బండి తోయిస్తూ పక్కన నడుస్తున్నాను. లోపల్నుంచి చప్పుడయింది. పలక మీద కొట్టినట్టు. ఒకసారి, ఆగి మళ్ళీ రెండుసార్లు."

జాకీ మోసుకొస్తున్న కానిస్టేబుళ్ళు కూడా నిలబడిపోయారు.

"రాగి దిమ్మ కదిలిందనుకున్నాను. కాదు, అనుకోలేదు. అలా అనుకుందామనుకున్నాను. బావ ఆ వ్యాగన్ తలుపు సీలు చూసుకోవడానికి వెళ్ళాడని నాకు తెలుసు. తలుపు బయట్నుంచి వేసి ఉంది."

"ఆపలేదా అన్నయ్యా?" అంది చెల్లెలు.

"మెమో లేదుగా. అప్పటికి మెయిన్ లైను మీద ఉన్నాం. అక్కడ ఆపితే స్టేషన్ మాస్టరు చూస్తాడు. కాగితమేదంటాడు. ఇంకో రెండొందల గజాలే కదా, లోపలికి పోయాక తీసి చూద్దామనుకున్నాను. లోపలికి పోగానే ఫోర్మన్ గేటు వేసేశాడు. నువ్వెళ్ళు, నేను చూసుకుంటానన్నాడు. వెళ్ళిపోయాను."

ముందు సీట్లోంచి ఇన్‌స్పెక్టరు, "మేడమ్, లారీ కదిలిందట" అన్నాడు.

చెల్లెలు అన్నయ్య మోచెయ్యి వదిలేసింది. చీర కొంగు నడుముకి చుట్టి దోపుకుని, ఎవర్నీ అడక్కుండా జీపెక్కి ఆయనకి ఎదురుగా కూర్చుంది.

"పోనివ్వండి" అంది. "మా ఆయన్ని నేను చూసుకోవాలి."